ఆరు బంగారు పళ్ళు

"ఆదివారం వాళ్ళు పెళ్ళిచూపులకొస్తున్నారు. ఈలోగా పిల్ల నోటి సంగతి చూడు," అంది మా అత్తగారు హోజర్, ఖుబానీ పండుని రెండుగా విప్పి గింజ తీస్తూ.

ఆవిడ విప్పింది ఆ ఒక్కదాన్నే. ఆ మాట చెప్పడానికి కూర్చుంటూ చేతిలోకి తీసుకుంది, చెప్పడం అయ్యాక బుట్టలో పడేసి లేచింది. ఇంకా మూడు బుట్టలున్నాయి. ఎనిమిదింటికి నేను పట్టు మగ్గాల షెడ్డుకి పోయేలోగా అన్నీ విప్పి కప్పు మీద ఆరబెట్టాలి. జూన్ ఎండ మా ఊరు మార్గిలాన్‌లో ఊరికే పోనివ్వకూడదంటారు, నన్ను కూడా ఊరికే ఉండనివ్వకూడదని మా ఇంట్లో వాళ్ళ నమ్మకం. చీకటితో లేచి వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లాను, టీ కాచాను, మా ఆయన వ్యాను అద్దాలు తుడిచాను. ఇవేవీ పనుల కింద లెక్క కాదు. కోడలు ఊపిరి పీలుస్తుందన్నట్టే, కోడలు ఊడుస్తుంది అంటారు.

మా ఇంట్లో పళ్ళు అనే మాట ఎవరూ వాడరు. 'నోటి సంగతి' అంటారు. మా అమ్మాయి బర్నోకి పద్దెనిమిది నిండాయి. పై వరసలో ముందు నాలుగు పళ్ళు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి, అవీ మొనదేలి పిల్లి పళ్ళలా ఉంటాయి. కింద ముందు వరస అసలు మొలవలేదు. పదమూడేళ్ళకి కూడా పాలపళ్ళు కొన్ని ఊడలేదు, ఊడిన చోట కొత్తవి రాలేదు. అది పుట్టినప్పుడు కాళ్ళ పొడుగునా గీతలు గీసినట్టు బొబ్బలొచ్చాయి. కడుపుతో ఉండగా నేను ఉడుకు టీ ఒంటిమీద ఒలకబోసుకున్నానేమో అంది మా అత్తగారు. ఒలకబోసుకోలేదన్నాను. ఎదురు చెప్పే కోడలికి ఇంతకన్నా మంచి బిడ్డ పుడుతుందా అంది. బొబ్బలు పోయి పులిపిర్లొచ్చాయి, అవి పోయి గోధుమ రంగు చారలు సుడులు తిరుగుతూ మిగిలాయి, మేము నేసే పట్టు మీద రంగు పారినట్టు. పెద్దదవుతున్న కొద్దీ అవీ వెలిసిపోయాయి. నోటి సంగతి మాత్రం వెలిసిపోలేదు.

పేరు గురించి ఒక మాట చెప్పాలి. నా పేరు ఇనోబత్. మా ఆయన ఎర్గాష్ నన్ను ఆ పేరుతో పిలిచి పద్దెనిమిదేళ్ళయింది. మా వైపు భార్యని పెద్దబిడ్డ పేరుతో పిలుస్తారు. "బర్నో, టీ" అంటే నేను. "బర్నో, చెప్పులు" అన్నా నేనే. "బర్నో, ఇలా రా తల్లీ" అంటే అది. గొంతును బట్టి ఎవరం లేవాలో మాకు తెలుసు. ఒకే పేరు పంచుకున్నాం, ఒకే నోరు పంచుకున్నాం. నా నోరు కూడా అలాంటిదే మరి. కాకపోతే నాది బంగారంతో కప్పేశారు.

నాకు పెళ్ళి కుదిరేముందు మా అమ్మ తన గాజులు కరిగించి మా ఊళ్ళో పళ్ళు కట్టే మహ్కమ్ ఉస్తా వాళ్ళ నాన్న దగ్గర నా ముందు పళ్ళకి ఆరు బంగారు తొడుగులు వేయించింది. అప్పట్లో మా ఊళ్ళలో కలిగినవాళ్ళ ఆడపిల్లలు రాయిలాంటి పళ్ళని కూడా అరగదీయించి బంగారం వేయించుకునేవాళ్ళు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. చూపులకొచ్చిన మా అత్తగారు నా నోరు చూసి ముచ్చటపడింది. "నోట్లోనే ఆరు బంగారాలు పెట్టి పంపుతున్నారంటే, పెట్టెలో ఇంకెంత పెడతారో" అని వీధంతా చెప్పుకుంది. పెట్టెలో దుప్పట్లు పెట్టి పంపారు. ఆ తప్పు తనదని ఆవిడ ఈనాటికీ ఒప్పుకోలేదు.

తర్వాత కాలం మారింది. బంగారు పళ్ళు పల్లెటూరి మోటుదనం అయిపోయాయి. మొదట్లో నలుగురిలో "నవ్వు, నవ్వు" అని మోచేత్తో పొడిచిన మా ఆయనే, "నోరు మూసుకుని నవ్వొచ్చు కదా, పాత బస్సు ముందు జాలీలా మెరుస్తావు" అనడం మొదలుపెట్టాడు. ఆయన వ్యాను నడుపుతాడు, ఆయనకు తెలిసిన ఉపమానాలు అవే. షెడ్డులోనూ అంతే. బయటిదేశాల వాళ్ళు కెమెరాలతో వస్తే మేస్త్రీ మర్యాదగానే చెబుతాడు: "ఇనోబత్ అక్కా, మీరా చివరి మగ్గం దగ్గర కూర్చోండి. అక్కడ వెలుతురు బాగుంటుంది." అక్కడ వెలుతురు ఉండదు. తెగిన పోగు ముడేశాక ఆడవాళ్ళంతా పంటితో పుటుక్కున కొరుకుతారు. నేను నడుముకి తాడు కట్టి వేలాడేసుకున్న చిన్న కత్తెరతో కత్తిరిస్తాను. చాలా పద్ధతైన మనిషి అంటారు నన్ను. పద్ధతీ లేదు, పాడూ లేదు. తొడుగుల కింద మూడు పళ్ళ వేర్లు ఎప్పుడో కుళ్ళిపోయాయి.

బుధవారం సెలవు పెట్టి బర్నోని ఫెర్గానా తీసుకెళ్ళాను. మహ్కమ్ ఉస్తా దగ్గరికి వెళ్ళమని మా అత్తగారు చెప్పింది, కానీ ఒకసారి చదువుకున్న డాక్టరుకి చూపిద్దామని నాకే అనిపించింది. ఆదివారంలోగా తెల్ల పళ్ళేవో పెట్టేస్తే చాలన్నదే నా ఆశ, అంతకుమించి ఏమీ లేదు. త్సోయ్ డాక్టరమ్మ కొరియా వాళ్ళమ్మాయి, మా లోయలోనే పుట్టి పెరిగింది. బర్నో నోట్లోకి చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగి, "మీరు కూర్చోండక్కా," అంది.

"పళ్ళు బాగుచేయాల్సింది అమ్మాయికి."

"తెలుసు. మీరూ ఒకసారి నోరు తెరవండి."

తెరిచాను. ఆవిడ బంగారం వంక చూడలేదు, చిగుళ్ళు చూసింది. తర్వాత లోపలి గదిలోకి తీసుకెళ్ళి, తలగుడ్డ తీయమంది. నడినెత్తిన జుట్టు మొలవని చోటు చూసింది. పిక్కలు చూపించమంది. నా పిక్కల మీద ఎండకి నల్లబడని సన్నటి తెల్ల చారలున్నాయి, వెంట్రుక మొలవదు అక్కడ. నలభై రెండేళ్ళలో వాటిని పట్టించుకున్నవాళ్ళు లేరు, నాతో సహా.

"కడుపులు పోయాయా అక్కా?" అంది నెమ్మదిగా.

"మూడు."

"మగపిల్లలా?"

ఇద్దరిని చూశాను. మూడోవాణ్ణి నాకు చూపించలేదు, మంత్రసాని మా అత్తగారికి చూపించింది. ఆ ముక్క పైకి చెప్పలేక తలూపాను. అప్పుడు డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని చెప్పింది. ఇది తల్లి నుంచి బిడ్డకి దిగే చర్మం జబ్బట, వేలల్లో ఒకరికి కూడా రాదట. ఆడపిల్లకి వస్తే బొబ్బలతో మొదలై చారలతో పోతుంది, పళ్ళకీ జుట్టుకీ గుర్తులు వదిలిపోతుంది. మగబిడ్డకి వస్తే కడుపులో నిలవడు. రానివాళ్ళు, ఆడైనా మగైనా, నిక్షేపంగా పుడతారు. రక్తపరీక్ష తాష్కెంట్‌లో చేస్తారు, అది అయ్యేదాకా ఖాయంగా చెప్పకూడదు గానీ, ఆవిడకి పెద్దగా అనుమానం లేదు. బర్నో పళ్ళు అరగదీయొద్దంది. ఉన్న మొనపళ్ళకి తెల్లమందు అతికి ఆకారం తేవచ్చు, లేనిచోట తీసిపెట్టుకునే పళ్ళ పలక చేయొచ్చు, ఇంకో రెండేళ్ళకి దవడలో స్థిరంగా నిలిపేవి పెట్టొచ్చు, అన్నీ తాష్కెంట్‌లో, ఏడాది పైనే పడుతుంది. "ఉన్నవి తక్కువ. వాటిని చంపుకోకూడదు," అంది. ఆఖర్న ఇంకోటి అంది: "మీరు బరువులెత్తినందుకు కాదక్కా. ఎవరైనా అలా అనుంటే."

ఆవిడకెలా తెలుసో. రెండోసారి నాలుగో నెలలో, మా ఆడపడుచు పెళ్ళిలో పలావు కడాయి దించడానికి ఒక చెయ్యి వేశాను. వెయ్యమన్నారు, వేశాను. మూడ్రోజులకి పోయింది. "కడాయి దించమంటే కడుపు దించుకుంది" అని మా అత్తగారు అన్న మాట చుట్టాలందరికీ నచ్చి, పెళ్ళిళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను కూడా అదే నమ్మాను. బస్సులో తిరిగొస్తూ కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. జబ్బుందని కాదు. పదహారేళ్ళుగా ఆ కడాయి నా చేతుల్లోనే ఉంది, దింపుకోవచ్చని ఎవరో ఒకరు ఇవాళ చెప్పారు. బర్నో ఏమైందని అడిగింది. ఎండ కళ్ళలో పడుతోందన్నాను.

ఇంత తెలుసుకుని వచ్చినదాన్ని ఇంట్లో ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. డాక్టరు ఏమందని మా అత్తగారు అడిగితే, ఆలస్యమవుతుందందని చెప్పాను. "చూశావా, నే చెప్పలా. మహ్కమ్ రెండు రోజుల్లో చేసేస్తాడు," అంది. ఆయనేమో, "అమ్మ చెప్పినట్టు కానివ్వు, నా బుర్ర తినకు" అన్నాడు. సరేనన్నాను. ఇరవై మూడేళ్ళ కాపురంలో నేను బాగా నేర్చిన విద్య అదొక్కటే. అలిసిపోయిన మనిషికి 'సరే' అన్నంత తేలిక మాట ఇంకోటి లేదు, నాలుక కూడా పెద్దగా కదపక్కర్లేదు.

శుక్రవారం షెడ్డు నుంచి వస్తూనే బర్నోని మహ్కమ్ ఉస్తా గదికి తీసుకెళ్ళాను. వాళ్ళ నాన్న కూర్చోబెట్టిన కుర్చీయే, తోలు మాత్రం మార్చారు. మహ్కమ్ చేతులు కడుక్కుంటూ బర్నోతో కబుర్లు చెప్పాడు. "మీ అమ్మకి వేసింది మా నాన్నే. ఇరవై మూడేళ్ళయినా చెక్కు చెదరలేదు చూడు. నీకు తెల్లవి వేస్తాను, సినిమా యాక్టర్లా ఉంటావు. ఆరు పళ్ళు కాస్త సన్నం చేసి తొడుగు పెట్టేయడమే."

"నాకు ఆరు లేవు మామయ్యా, రెండే ఉన్నాయి," అంది బర్నో.

"పక్కవి కూడా కలుపుకుంటాం కదమ్మా. వంతెన కట్టాలంటే రెండు గట్లూ కావాలి."

అది కుర్చీలో వెనక్కి వాలి, తల తిప్పి నావైపు చూసింది. "నొప్పి పుడుతుందా అమ్మా?"

నన్ను అదే కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు మా అమ్మని నేనూ అడిగాను. చీమ కుట్టినట్టుంటుంది అంది. మంచిదే మా అమ్మ, ఆవిడకి మాత్రం ఇంకేం తెలుసు. మత్తు పూర్తిగా ఎక్కకముందే అరగదీసే చక్రం తిరిగింది. పళ్ళు కాలిన వాసన వచ్చింది, నా పళ్ళే. నెల తిరక్కుండా పెళ్ళి, నొప్పి తగ్గనేలేదు. ముసుగు కింద దవడలు వాచి మాట పెగలకపోతే, పిల్లకెంత సిగ్గో అని అందరూ మెచ్చుకున్నారు. విందులో నా ముందు పెట్టిన మాంసం ముట్టుకోకపోతే, తిండి మీద ఆశలేని పిల్ల అన్నారు. ఆ మంచిపేర్లన్నీ నేను నొప్పితో సంపాదించినవే. 'నొప్పేం ఉండదు, చీమ కుట్టినట్టుంటుంది' అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఎంత సులువుగా వచ్చిందంటే, నాకు భయం వేసింది.

"పుడుతుంది," అన్నాను. "చాలా పుడుతుంది. ఇవాళే కాదు, ఎప్పటికీ పుడుతూనే ఉంటుంది. లే."

"అదేంటి చెల్లీ, ఆదివారం..." అన్నాడు మహ్కమ్.

"మీ తప్పేం లేదన్నా. మా పిల్లకి ఉన్నవి తక్కువ."

ఇంటికొచ్చే దారిలో మల్బరీ చెట్ల నీడన కాలవగట్టు మీద కూర్చోబెట్టి దానికి మొత్తం చెప్పాను. బొబ్బల సంగతీ, నా పిక్కల సంగతీ, ముగ్గురు తమ్ముళ్ళ సంగతీ. అది ఒక పుల్ల విరిచి కాలవలో పడేసింది.

"ఇది వాళ్ళకి చెప్పకుండానే నన్ను పంపేద్దామనుకున్నారా?"

"అనుకున్నాం. నేనూ అనుకున్నాను."

"నిన్ను కూడా అలాగే పంపారు కదా."

"అలాగే పంపారు. అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు."

"మరి నీకెలా ఉందమ్మా?"

ఆ ప్రశ్న ఇంతవరకూ నన్ను అడిగినవాళ్ళు లేరు. "అలిసిపోయాను," అన్నాను. అది నా భుజం మీద తల ఆనించింది. ఇంటికెళ్ళే తొందర ఇద్దరికీ లేకపోయింది.

ఆ సాయంత్రమే, వాకిట్లో పెద్ద చెక్కమంచం మీద అందరూ భోజనానికి కూర్చున్నాక, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం తీసి గిన్నె పక్కన పెట్టాను. తెల్ల తొడుగులు వేయించడం లేదని చెప్పాను. ఆదివారం వాళ్ళని రమ్మంటే రమ్మనండి, కానీ పిల్లకున్నది ఉన్నట్టు చెబుతాను అన్నాను. జబ్బేంటో, అది ఎలా వస్తుందో, మగబిడ్డలు ఎందుకు నిలవరో చెప్పాను. అంత పొడుగు మాట ఆ మంచం మీద కూర్చుని నేను ఎన్నడూ మాట్లాడలేదు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

మా అత్తగారు కాగితం వంక చూడకుండా టీ చివరిదాకా తాగింది. "అంటే నా మనవలు ముగ్గురినీ తిన్నది నీ ఒళ్ళేనన్నమాట," అంది.

పద్దెనిమిదేళ్ళు అనుమానం మీద తిట్టారు, ఇక కాగితం చూసి తిట్టొచ్చు. తప్పు కాదని డాక్టరమ్మ చెప్పిన మాట బస్సులోనే ఉండిపోయింది, ఇంట్లోకి వచ్చింది జబ్బు ఒక్కటే. ఆయన ఏమైనా అంటాడేమోనని చూశాను. అప్పుడు కూడా, ఆ వయసులో కూడా చూశాను. సిగ్గు లేకపోవడమంటే అదే.

"ముందే చెప్పుంటే ఇంకోదాన్ని చేసుకునేవాళ్ళం కదా," అన్నాడు, కోపంగా కాదు, దారి తప్పి డీజిల్ వృథా అయిందన్నట్టు. తర్వాత, "బర్నో, ఇంకో రొట్టె తే," అన్నాడు. అది లేవబోయింది. ఆ గొంతు నన్ను పిలిచేది. నేనే లేచి తెచ్చాను.

ఆదివారం వాళ్ళు రాలేదు. వాళ్ళకి ముందే కబురు వెళ్ళింది, ఇంట్లో జ్వరాలని. మా అత్తగారు నెలన్నర నాతో మాట్లాడలేదు. పనులు మాత్రం గోడకి చెప్పింది: "మెంతికూరకి నీళ్ళు పెట్టలేదు ఎవరో," అని. నేను షెడ్డులో మేస్త్రీని దీర్ఘ సెలవు అడిగాను, తాష్కెంట్‌లో కుట్టుపని చేసే మా పిన్ని కూతురు ఒక గది చూసింది, త్సోయ్ డాక్టరమ్మ అక్కడి ఆసుపత్రికి ఉత్తరం రాసింది. ఆయన కాదనలేదు. పిల్ల పెళ్ళి ఎలాగూ ఆగింది కదా, పళ్ళయినా వస్తాయి అన్నాడు. బర్నోకి మొదటి విడత మొదలయ్యేదాకా ఉండి, నెలలో వచ్చేస్తానని చెప్పాను. అబద్ధం కాదు. వచ్చేస్తాననే అనుకున్నాను. ముప్పై రోజులకి సరిపడా జామ్ కాచి, పచ్చళ్ళు పెట్టి, ఏ సీసా ఎక్కడుందో చెప్పి మరీ బయల్దేరాను.

పొద్దున ఎనిమిదికి రైలు. ఆయన వ్యాను బయటికి తీసి సామాను ఎక్కిస్తున్నాడు. మా అత్తగారు గుమ్మం దగ్గర గుడ్డలో చుట్టిన రెండు రొట్టెలు పట్టుకుని నిలబడింది. దూరం వెళ్ళేవాళ్ళ చేత మేము రొట్టె ఒక ముక్క కొరికిస్తాం. మిగిలిన రొట్టెని గోడకి వేలాడదీస్తాం. కొరికిన నోరు తిరిగొచ్చి ఆ మిగతాది తినేదాకా అది అలాగే ఎదురుచూస్తుంది, ఎవరూ ముట్టుకోరు. మా మరిది సైన్యానికి పోయినప్పుడు కొరికినది రెండేళ్ళు వేలాడింది.

బర్నో ముందు కొరికింది. రెండు మొనలు దిగిన గుర్తు, మధ్యలో ఏమీ లేదు, కింద చిగుళ్ళు నొక్కుకున్న వంపు. అది పుట్టినప్పటి నుంచి ఇంట్లో దాచిపెట్టిందంతా ఆ రొట్టె మీద అచ్చుపడినట్టయింది. మా అత్తగారు దాన్ని చూసింది. లోపలికి తీసుకెళ్ళి, అతిథులు కూర్చునే గదిలో కాకుండా తన మంచం పైన మేకుకి తగిలించింది, కొరికిన వైపు గోడకి తిప్పి. మళ్ళీ ఏమనుకుందో, ఇవతలికి తిప్పింది. ఆ ఒక్క క్షణం ఆవిడ మీద నాకు కోపం లేదు.

తిరిగొచ్చి రెండో రొట్టె నాకు చాపింది. నా చేత ఎప్పుడూ ఎవరూ కొరికించలేదు. పురుళ్ళకి ఆసుపత్రికి పోయినా, అమ్మ పోయినప్పుడు పుట్టింటికి పోయినా, కోడలు ఎక్కడికి పోతుందిలే అని.

"తొందరగా వచ్చెయ్. నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఎవరు చూస్తారు," అంది ఆవిడ. నా నోటి వంక చూసి, "అంచు గట్టిగా ఉంటుంది, నీవల్ల కాదులే. చేత్తో తుంచి నోట్లో వేసుకో, చాలు," అంది.

రొట్టె ఇంకా వెచ్చగా ఉంది. తెల్లారకముందు దాన్ని కాల్చింది నేనే.

"కొరకగలను అత్తయ్యా," అన్నాను. దాన్ని కొరక్కుండానే మళ్ళీ గుడ్డలో చుట్టి, ఆవిడ చేతుల్లోనే పెట్టేశాను.